ఇనుప పలకలు, మునిగిన ఓడ, పాతాళగరిగె: బాహుదా మొగ దగ్గర ఎనిమిది నెలల డైరీ

2024 జూన్ 9, ఆదివారం

ఈ పనికి మొదలు ఒక తుక్కు ఆటో. బరంపురంలో నా వెల్డింగ్ షాపు ముందు ఏడాదిగా పడున్న ఆటో చట్రాన్ని చూసి మా పేట కుర్రాళ్ళు ముగ్గురు వచ్చారు. దాన్నీ, రెండు పాత బోటు బాడీల్నీ, ఓ వంద టైర్లనీ కలిపి సముద్రంలో పడేస్తే చేపలు వాటికి చేరతాయని వాళ్ళ ఆలోచన. అమెరికాలో యుద్ధనౌకల్నే ముంచేస్తున్నారని ఫోన్‌లో వీడియో చూపించారు. వీడియో అబద్ధం కాదు. ఒరిస్కనీ అనే విమాన వాహక నౌకని 2006 మే 17న ఫ్లోరిడాలో పెన్సకోలా తీరానికి దూరంగా కావాలనే ముంచారు. ఇప్పుడు దాని చుట్టూ చేపలు, దాన్ని చూడటానికి వచ్చే డైవర్లు. మా కుర్రాళ్ళు కోత పని నాకే ఇస్తామన్నారు. డబ్బొచ్చే పని కదా, నేనూ వెంటనే వద్దనలేదు.

మా పేట సోనాపూర్ పక్కన, బాహుదా నది సముద్రంలో కలిసే మొగకి దగ్గర. జిల్లా గంజాం, రాష్ట్రం ఒడిశా, ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు ఒడియా. పెళ్ళి సంబంధాలూ సంతలూ ఎక్కువగా ఇచ్ఛాపురం వైపే. మొగకి ఎదురుగా ఎనిమిది బారల లోతులో ఒక 'ఓడ' ఉంది. ఓడంటే ఓడేం కాదు, చెక్క ట్రాలర్. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపానుకి కొట్టుకొచ్చి మునిగిందని కొందరు, కాదు అంతకు ముందే ఉందని మా చిన్నాన్న. వలల వాళ్ళు దాన్ని బూతులు తిడతారు, ఎందుకంటే వల తగులుకుంటే చిరగాల్సిందే. గాలాల వాళ్ళకి మాత్రం అది బ్యాంకు. చిన్నాన్న గాలం మనిషి.

ఆటో సంగతి ఆయనకి చెబితే బీడీ ఆర్పి ఒక్కటే అడిగాడు. "సంత రోజున ఇచ్ఛాపురంలో జనం కిటకిటలాడతారు. ఆ రోజు జనం పుట్టినట్టేట్రా?"

అప్పుడు నవ్వాను గానీ, రాత్రి మా మేనకోడలికి ఫోన్ చేసి చెబితే అది నవ్వలేదు. బరంపురం యూనివర్సిటీలో మెరైన్ సైన్సెస్ చదువుతోంది. "మామయ్యా, తాతయ్య అడిగింది నలభై ఏళ్ళుగా శాస్త్రవేత్తలు కొట్టుకుంటున్న ప్రశ్న" అంది. మునిగిన ఓడ దగ్గర కొత్తగా చేపలు పుట్టి పెరుగుతున్నాయా, లేక ఎక్కడెక్కడో తిరిగేవి వచ్చి ఒకచోట చేరుతున్నాయా? అది మనం తేల్చలేం గానీ, ఏ సరుకు మీద ఏం పెరుగుతుందో చూడొచ్చు అంది. సరే, పలకలు చేసి దింపుదాం అనుకున్నాం.

జూన్ 16

రెండు నెలల వేట నిషేధం మొన్న 14తో అయిపోయింది. పేటలో ఇంజన్ల మోత మళ్ళీ మొదలైంది.

పలకలన్నీ 15 సెంటీమీటర్ల చదరం. దింపే ఒక్కో ఫ్రేముకి ఒక్కో రకం రెండేసి: రంగు లేని 5 ఎం.ఎం. ఇనుప రేకు, రెడాక్సైడ్ కొట్టిన ఇనుము, బోట్ల అడుగుకి వేసే రాగి పెయింటు పూసిన ఇనుము, సిమెంటు, టైరు ముక్క, సరుగుడు చెక్క. సిమెంటు పలక కొత్తగా పోద్దామంటే మేనకోడలు ఒప్పుకోలేదు. కొత్త సిమెంటులో క్షారం ఎక్కువ, మొదట్లో దాని మీద ఏదీ తేలిగ్గా పట్టదట. పక్కింటి పాత సన్‌షేడ్ కూలగొట్టారు, దాన్నే గ్రైండర్‌తో కోశాను. దుమ్ముకి రెండు రోజులు దగ్గు.

ఫ్రేముకి మాత్రం నా తెలివి వాడాను. ఒక ఇంటి మెట్ల రెయిలింగ్ పనిలో మిగిలిన స్టీలు పైపులున్నాయి. తుప్పు పట్టదు కదా అని వాటితో రెండు చట్రాలు వెల్డ్ చేసి, పలకల్ని మామూలు ఇనుప బోల్టులతో బిగించాను. ఒకటి సముద్రంలో ఓడ పక్కన, రెండోది మొగ లోపల కయ్యలో, అంటే ఉప్పునీళ్ళ పాయలో.

జూన్ 23

దింపాం. అనుకున్నంత తేలిగ్గా కాలేదు.

పైన బెండు కట్టి తేలేద్దామనుకున్నాను, పీతల బోనుకి కట్టినట్టు. మేనకోడలు అడ్డం పడింది. ఆటుపోట్లకి సరిపోవాలంటే తాడు వదులుగా ఉండాలి, వదులు తాడులో తాబేలు చుట్టుకుంటే పైకొచ్చి ఊపిరి తీసుకోలేక చస్తుంది. ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెట్టడానికి గుంపులుగా వచ్చే రుషికుల్య మొగ మాకు ఉత్తరాన ఉంది. ఆ చుట్టూ 20 కిలోమీటర్లలో నవంబరు నుంచి మే దాకా వేట నిషేధం. మా చోటు ఆ గీతకి బయటే. కానీ తాబేలుకి గీతలు తెలియవు కదా.

ఉపాయం చిన్నాన్న చెప్పాడు. ఫ్రేముకి ఒక సిమెంటు దిమ్మ, ఇరవై బారల దూరంలో ఇంకో దిమ్మ, రెంటి మధ్య అడుగున నేల మీద బిగుతుగా తాడు. పైకి ఏమీ కనపడదు. తీయాలనుకున్నప్పుడు నూతిలో బిందె పడితే తీసే పాతాళగరిగెని ఆ తాడుకి అడ్డంగా ఈడ్చుకుంటూ పోతే తగులుకుంటుంది. మా అమ్మ పాతాళగరిగె ముప్పై ఏళ్ళనాటిది, ఇప్పుడు ఇంట్లో నుయ్యే లేదు. దానికి మళ్ళీ పని దొరికింది.

చోటు గుర్తు పెట్టుకోడానికి నేను ఫోన్‌లో జీపీఎస్ నొక్కాను. చిన్నాన్న ఫోన్ వంక చూడలేదు. మబ్బు లేని పొద్దున మహేంద్రగిరి కనపడుతుంది, దాని కొమ్ముని సరుగుడు తోట చివరి చెట్టుకి వరసలో పెట్టుకుంటాడు. ఇంకో పక్క గుడి గోపురం, దాని వెనక నీళ్ళ ట్యాంకు. ఆ రెండు గీతలు కలిసినచోట ఓడ. పాతాళగరిగె ఒక్క ఈడ్పుకే ఓడకి తగిలింది.

పేటలో అప్పుడే పుకారు: మేం బంగారం వెతుకుతున్నామట.

జూలై 28

35 రోజులకి మొదటిసారి పైకి తీశాం. అల పెద్దగా ఉంది, మేనకోడలికి రెండుసార్లు వాంతులు. అయినా నోటుబుక్కు వదల్లేదు.

నీళ్ళలో ఏ వస్తువు పడినా మొదటి గంటల్లోనే కంటికి కనపడని జిగురు పొర కడుతుందట. ముందు బ్యాక్టీరియా, తర్వాత డయాటమ్‌లనే సన్న నాచు. ఆ జిగురు మీదే బార్నకిల్స్ పిల్లలు వచ్చి తలకిందులుగా అతుక్కుని, చుట్టూ సున్నం గోడ కట్టుకుంటాయి. బోటు అడుగున చెయ్యి కోసుకుపోయే ఆ తెల్లటి చిప్పలే. మా సముద్రపు అడుగంతా ఇసుకా బురదా. ఇలాంటి జీవాలకి పట్టు దొరికేదే కష్టం. అందుకే ఇక్కడ ఓడ మునిగితే, ఖాళీ పొలంలో ఇల్లు లేచినట్టే.

సిమెంటు పలక మీద చోటే మిగల్లేదు. ఐదు సెంటీమీటర్ల చదరంలో 41 బార్నకిల్స్ లెక్కపెట్టింది. రెడాక్సైడ్ మీద 33. రంగు లేని ఇనుము చూసి నేనే ఆశ్చర్యపోయాను. బార్నకిల్స్ పట్టాయి గానీ, గోరుతో గీకగానే కింది తుప్పు పెచ్చుతో సహా ఊడొచ్చాయి. వాటి పట్టు గట్టిదే, కింద నేలే కదిలిపోతోంది. ఉప్పునీళ్ళలో మునిగున్న ఇనుము ఏడాదికి రమారమి పదో వంతు మిల్లీమీటరు తరుగుతుంది, మొదట్లో ఇంకా ఎక్కువ. పెద్ద ఓడల రేకులు మందం కాబట్టి దశాబ్దాల పాటు నిలుస్తాయి. 1941లో ఎర్రసముద్రంలో మునిగిన థిసిల్‌గార్మ్‌ని ఇప్పటికీ జనం వెళ్ళి చూస్తున్నారు. ఆటో రేకు ఎన్నేళ్ళుంటుందో నాకు బాగా తెలుసు, గంజాం ఉప్పుగాలికి ఒడ్డునే అది జల్లెడవుతుంది.

రాగి పెయింటు పలక మీద జిగురు తప్ప ఏమీ లేదు. దాని పనే అది, అతుక్కోవాలని వచ్చిన ప్రాణిని విషంతో తరమడం. ఇంతకంటే ఘోరమైన, టీబీటీ అనే తగరపు విషం కలిపిన పెయింటుని ఓడలకి వాడకుండా ప్రపంచమంతటికీ వర్తించే ఒప్పందం 2008లో అమల్లోకి వచ్చింది. పాత ఓడని ముంచితే దాని పెయింటు కూడా మునుగుతుందన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఆగస్టు 25

కయ్యలో ఫ్రేము చూశాం. వానలకి బాహుదా పొంగి మొగ లోపల నీళ్ళు నోట్లో పోసుకుంటే చప్పగా ఉన్నాయి. జూలైలో పట్టిన బార్నకిల్స్‌లో చాలావరకు చచ్చి గుల్లలు మిగిలాయి. ఇక్కడ నేర్చుకునేది ఇంతే. ఫ్రేము తీసేశాం.

సెప్టెంబరు 8, చవితి మర్నాడు

పరువు పోయిన రోజు.

ఫ్రేము పైకి రాగానే రెండు చోట్ల ఖాళీ. సిమెంటు పలక ఒకటి, టైరు ముక్క ఒకటి లేవు. మిగతా బోల్టులు నడుం దగ్గర సన్నబడి అగ్గిపుల్లల్లా ఉన్నాయి. చూడగానే తప్పెక్కడుందో తెలిసిపోయింది, ఎందుకంటే ఇదే తప్పు చేసిన కుర్రాళ్ళని నేను షాపులో తిడుతుంటాను. ఉప్పునీళ్ళలో రెండు రకాల లోహాలు తగులుకుని ఉంటే బ్యాటరీలా పనిచేస్తాయి. బలహీనమైనది కరుగుతుంది, గట్టిది హాయిగా ఉంటుంది. పెద్ద స్టీలు చట్రానికి చిన్న ఇనుప బోల్టు. అంత పెద్ద చట్రం తాలూకు భారమంతా ఆ చిన్న బోల్టు మీద పడింది. బోల్టు స్టీలుదై, చట్రం ఇనుముదైతే ఇంత నష్టం ఉండేది కాదు. ఓడల అడుగున జింకు దిమ్మలు బిగించేది ఇందుకే, ఓడకి బదులు అవి కరిగిపోడానికి.

చిన్నాన్న "ఇరవయ్యేళ్ళ వెల్డింగు" అని మాత్రం అన్నాడు. మేనకోడలు నోటుబుక్కులో "మామయ్య బోల్టులు" అని హెడ్డింగు పెట్టి రాసుకుంది.

కొత్త చట్రం అంతా ఇనుప యాంగిలర్‌తో చేశాను. బోల్టులూ అవే, పైన ఒక జింకు ముక్క.

సరుగుడు చెక్క బయటికి బాగానే ఉంది. ఓ మూల కోస్తే లోపల స్పాంజిలా తొలిచేసుంది. దీన్ని ఓడ పురుగంటారు గానీ నిజానికి పురుగు కాదు, ఆల్చిప్పల జాతి. రెండున్నర నెలల్లో ఈ పని చేసింది. మా వాళ్ళు తెప్పల్ని ఒడ్డుకి లాగి ఎండలో ఎందుకు ఆరబెట్టేవారో ఇప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది. మునిగిన ట్రాలర్ చెక్కంతా ఎప్పుడో పోయుండాలి, ఇప్పుడు మిగిలిన గుట్ట చిప్పలూ ఇంజనూ అయ్యుండాలి అని మేనకోడలి లెక్క.

చైనా కెమెరాకి నీళ్ళు దూరని డబ్బా తొడిగి కిందికి దింపాం, చూద్దామని. నలభై నిమిషాల వీడియోలో పచ్చటి మసక, ఒకసారి ఏదో తోక. వానాకాలం మన సముద్రం అంతే.

అక్టోబరు 26

దానా తుపాను నిన్న తెల్లవారుజామున ధామ్రా వైపు తీరం దాటింది. మాకు గాలీ వానా, పెద్ద కెరటాలు. బోట్లన్నీ ఒడ్డునే. నిద్ర రాక పాత సంగతులు చదివాను.

అమెరికాలో స్పీగల్ గ్రోవ్ అనే నౌకని 2002లో ముంచబోతే అనుకున్న దానికంటే ముందే మునిగి తలకిందులైంది. తర్వాత దాన్ని పక్కకి దొర్లించారు. 2005లో డెనిస్ తుపాను వచ్చి 500 అడుగుల పైచిలుకు నౌకని నిటారుగా నిలబెట్టింది. అడుగున పడుకున్న దాన్ని సముద్రం ముట్టదనుకుంటాం గానీ, తుపాను కెరటం బలం చాలా లోతుకి పోతుంది.

టైర్ల కథ ఇంకా దారుణం. ఫ్లోరిడాలోనే ఫోర్ట్ లాడర్‌డేల్ ఎదురుగా 1970ల్లో దాదాపు 20 లక్షల టైర్లు కట్టలు కట్టి పడేశారు. ఆస్బోర్న్ రీఫ్ అని పేరు, రీఫ్ అంటే సముద్రపు అడుగున దిబ్బ. కట్లు తెగాయి, టైర్లు తుపాన్లకి దొర్లుకుంటూ పోయి పక్కనున్న అసలైన పగడాల దిబ్బల్ని కొట్టాయి. ఏరడానికి 2007 నుంచి సైనిక డైవర్లు దిగాల్సి వచ్చింది. పేట కుర్రాళ్ళ గ్రూపులో ఈ ఫొటోలు పెట్టాను. ఒకడు ఏడుపు బొమ్మ పెట్టాడు, ఇంకొకడు "మరి ఓడల సంగతి అన్నా?" అన్నాడు.

నవంబరు 10

ఫ్రేము ఉండాల్సిన చోట లేదు. గంటన్నర పాతాళగరిగె ఈడ్చాక అరవై అడుగుల అవతల దొరికింది. నలభై కిలోల దిమ్మని తుపాను అంత దూరం ఈడ్చింది. ఆటో చట్రం ఎంత బరువుంటుందో కుర్రాళ్ళని లెక్కేయమన్నాను.

మిగిలిన టైరు ముక్క మీద బార్నకిల్స్ బాగానే ఉన్నాయి, ఒప్పుకోవాలి. కానీ వంచితే చాలు, చిటపటమని రాలిపోతున్నాయి.

సిమెంటు మీద ఇప్పుడు బార్నకిల్స్ కనపడటం లేదు, వాటిమీద చిన్న ఆల్చిప్పలు, సున్నపు గొట్టాల్లో ఉండే పురుగులు, గడ్డిలా కనపడే హైడ్రాయిడ్లనే చిన్న జీవాలు. సందుల్లో వేలి గోరంత పీతలు. ఎత్తుతుంటే రెండు పడవలో పడ్డాయి, చిన్నాన్న వాటిని చేత్తో ఏరి నీళ్ళలో వేశాడు. ఇలాంటి పీతల్నీ పురుగుల్నీ తినడానికే గులివింద, పార చేపలు ఓడ చుట్టూ తిరిగేది. వాటి వెనక పెద్దవి.

డిసెంబరు 15

ఇవాళ్టిది రాయడం ఇష్టం లేదు, కానీ డైరీ కాబట్టి.

చిన్నాన్న ఓడ మీదికి వెళ్ళేసరికి నాలుగు పడవలున్నాయి, మన పేటవి కావు. నెలనెలా మేం వెళ్ళి గంటలకొద్దీ ఒకేచోట తిరగడం ఎవరో చూశారు, జీపీఎస్ నొక్కుకున్నారు. ఆయన మహేంద్రగిరి కొమ్మూ గుడి గోపురమూ ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది నా పలకల వల్ల బయటపడింది. ఆయన నన్ను ఏమీ అనలేదు. అదే కష్టంగా ఉంది.

జూన్ నుంచి ఆయన చేత పట్టు లెక్క రాయిస్తున్నాం, ఓడ దగ్గర ఎంత, పక్కన ఒట్టి ఇసుక మీద ఎంత అని. ఓడ దగ్గర ఎప్పుడూ ఎక్కువే. కానీ నవంబరు చివరి నుంచి చేప సైజు పడిపోయింది. మొదట్లో చేతికి బరువు తగిలేది, ఇప్పుడు జానెడువే. సంత పోలిక మళ్ళీ గుర్తొచ్చింది. ఊరంతటి జనాన్నీ ఒకచోట చేర్చి తలుపేస్తే పట్టుకోవడం సులువు. చేపలు చేరే చోటు తయారుచేసి, దాని చుట్టూ వేటకి హద్దు పెట్టకపోతే జరిగేది ఇదే.

కర్ణాటక తీరంలో కటిల్ ఫిష్ అనే స్క్విడ్ లాంటి జీవం కోసం ఇదే చేస్తున్నారని మేనకోడలు చెప్పింది. కొబ్బరి గెలల ఈనెలు కట్టలు కట్టి దింపుతారు, కటిల్ ఫిష్ గుడ్లు పెట్టడానికి వాటి దగ్గరికి చేరతాయి, పెట్టకముందే గాలానికి చిక్కుతాయి. దాని మీద అక్కడ మత్స్యకారుల మధ్యే గొడవలు.

2025 జనవరి 19

పేట పెద్దల దగ్గర కూర్చున్నాం. కుర్రాళ్ళు, నేను, మేనకోడలు, ఓ మూల చిన్నాన్న.

మునిగిన ఓడ వేరు, ముంచిన ఓడ వేరు అని మేనకోడలు మొదలెట్టింది. 2009 సెప్టెంబరులో పారాదీప్ దగ్గర బ్లాక్ రోజ్ అనే మంగోలియా జెండా ఓడ ఇనుప ఖనిజంతో మునిగింది. ఇక్కడ పెద్దవాళ్ళందరికీ గుర్తే. అందులోని ఇంధనం కారితే గహిర్మాథ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ళ గతి ఏమిటని అప్పుడు అందరికీ టెన్షన్. అది రీఫ్ కాదు, ప్రమాదం. ఒరిస్కనీని ముంచేముందు చమురూ చెత్తా తీయడానికి బోలెడు డబ్బు పోశారు. అయినా కేబుళ్ళ తొడుగుల్లో పీసీబీ అనే విషం కొంత ఉండిపోయిందని వాదన నడిచింది. పసిఫిక్‌లో పాల్‌మైరా దీవి దగ్గర 1991లో చేపల ఓడ ఒకటి మునిగితే, దాని ఇనుము నీళ్ళలో కలిసి, పగడాల్ని కప్పేసే ఒక జీవం విపరీతంగా పెరిగిపోయింది. చివరికి ఓడనే ముక్కలుగా తీసేయాల్సి వచ్చింది. మన నీళ్ళలో ఏటి ఒండ్రు ద్వారా ఇనుము ఎప్పుడూ వస్తూనే ఉంటుంది కాబట్టి అచ్చం అలాగే జరుగుతుందని నేననుకోను. కానీ ఒక చోట మంచిదైంది ఇంకో చోట మంచిది కానక్కర్లేదు, అది మా పెద్దలకి వెంటనే అర్థమైంది.

నేను పలకలు బల్ల మీద పెట్టాను. మాటలకంటే అవే ఎక్కువ పనిచేశాయి. ఒకాయన ఇనుప రేకు మీది పెచ్చు లాగి చూశాడు, చేతిలోకి వచ్చేసింది. సిమెంటు పలకని లాగబోయి వేలు కోసుకున్నాడు.

చెయ్యాలంటే సిమెంటు దిమ్మలే, అదీ అనుమతితోనే. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రభుత్వాలు కృత్రిమ రీఫ్‌లు దింపుతున్నాయి, సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు చోటు చూసి చెబుతారు. మత్స్యశాఖకి అర్జీ పెడదామన్నారు. దింపితే వాటి చుట్టూ వలలు వేయకూడదని, గాలాలకి కూడా వారంలో రోజులు పంచుకోవాలని చిన్నాన్న అన్నాడు. దాని మీద మూడు గంటలు గొడవైంది, తేలలేదు. కోత పని పోయినట్టే. ఆటో చట్రాన్ని కిలోల లెక్కన అమ్మేశాను.

ఫిబ్రవరి 23

రుషికుల్యలో తాబేళ్ళు వచ్చేశాయి, ఈసారి లక్షల్లో. పేపర్లన్నీ అదే. మా దారిలో కూడా రెండు తల ఎత్తి చూశాయి. ఇంజను ఆపేసి అవి పోయేదాకా ఆగాం.

నీళ్ళు తేటగా ఉన్నాయి. ఓడ మీద ఇవాళ ఎవరూ లేరు, చేప తగ్గాక ఆ నాలుగు పడవలూ వేరే చోటు చూసుకున్నాయి. పాతాళగరిగె మూడో ఈడ్పుకి తగిలింది. తాడు పైకొస్తుంటే మొదట నాచనుకున్నాను. దగ్గరికొచ్చాక చూస్తే పాలరంగు ద్రాక్ష గుత్తులు, తాడు పొడుగునా, చట్రం మూలల్లో, జింకు ముక్క పక్కన. మేనకోడలు "ఆపండి, ఆపండి" అని అరిచింది. కటిల్ ఫిష్ గుడ్లు. ఒక గుడ్డుని వెలుగుకి ఎదురుగా పెడితే లోపల నల్లటి కళ్ళు రెండు కదిలాయి. నేను చూసింది జన్మలో ఇదే మొదటిసారి. చిన్నప్పుడు ఇసుకలో ఏరుకున్న సముద్రపు నురుగు ఈ జీవం ఎముకే.

చిన్నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత చుట్టలు చుట్టి పెట్టుకున్న గాలాలన్నీ బుట్టలో వేసి మూత పెట్టాడు.

"ఎన్నాళ్ళకి పిల్లలౌతాయే?"

"రెండు మూడు వారాలు తాతయ్యా."

పలకలు లెక్కపెట్టలేదు, ఫొటో ఒకటి తీసి ఫ్రేముని బకెట్ నీళ్ళు చల్లుతూ మెల్లగా దింపేశాం. ఈ నెల లెక్క ఖాళీ. మళ్ళీ తీయడం ఉగాది దాటాకే అన్నాడు చిన్నాన్న. తిరుగుదారిలో మొగ దగ్గరకి తిన్నగా రానివ్వకుండా, ఎవరూ చూడకుండా ఉత్తరంగా పెద్ద చుట్టు తిప్పించాడు. డీజిలు నాది.